ఇంట్లోని ఎల్పీలను, పాత 78 ప్లేట్లను కంప్యూటర్లోకి ఎక్కించడం

పర్లాకిమిడిలో మీ తాతగారి ఇంట దొరికిన ఎల్పీలను (సన్న గాడి ఉండే వినైల్ రికార్డులను), నాటక పద్యాల 78 ప్లేట్లను (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు గ్రామఫోను రికార్డులను) కంప్యూటర్లోకి ఎక్కించడానికి సూట్‌కేసు ఆకారపు యూఎస్‌బీ ప్లేయర్ సరిపోతుందా, గరగర పోగొట్టే సాఫ్ట్‌వేర్ ఏది మంచిది అని అడిగారు. బరంపురంలో మా ఇంటి ప్లేట్లను కొన్నేళ్లుగా ఎక్కిస్తున్న అనుభవంతో చెబుతున్నాను: సాఫ్ట్‌వేర్ సంగతి ఆఖరున చూడవచ్చు. ప్లేయర్ ముల్లు ప్లేటు మీది గాడిలో నుంచి ఏ శబ్దాన్ని తీయలేదో, దానిని తరువాత ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చిపెట్టలేదు.

సూట్‌కేసు ప్లేయర్లలో చాలావాటికి ముల్లు ప్లేటు మీద మోపే బరువు సరిచేసుకునే వీలు ఉండదు కనుక, మళ్లీ దొరకని ప్లేట్లను వాటి మీద పెట్టవద్దు. బరువు సరిచేసుకోగలిగి, 78 వేగం కూడా ఉన్న టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయరు) తీసుకోండి. 78కి ముల్లు వేరుగా కావాలి. ఎల్పీ ముల్లు కొన వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు. వెడల్పైన 78 గాడికి 75 మైక్రాన్ల దాకా ఉండాలి. సన్న ముల్లు పెడితే అది గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది, పద్యం కన్నా గరగరే ఎక్కువ వినిపిస్తుంది.

మన వైపు అసలు శత్రువు తేమ. వానాకాలం గడిచాక ప్లేటును టార్చి వెలుగులో ఏటవాలుగా పట్టుకుని చూస్తే, మామూలుగా కనబడని బూజు తెల్లటి చుక్కలుగా బయటపడుతుంది. కడగకుండా వాయిస్తే అదంతా ముల్లు కొనకు బూడిదరంగు పీచులా చుట్టుకుంటుంది. డిస్టిల్డ్ వాటరులో ఒకటి రెండు చుక్కల లిక్విడ్ సోపు కలిపి, లేబులు తడవకుండా, మెత్తని బ్రష్షుతో గాడి వెంబడి తుడిచి, మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటరుతో కడిగి నిలబెట్టి ఆరనివ్వండి. 78 ప్లేట్లకు మాత్రం స్పిరిటు గాని ఆల్కహాలు ఉన్న ఏ ద్రవం గాని తగలనివ్వకండి. అవి లక్కతో చేసినవి, ఆల్కహాలులో లక్క కరుగుతుంది.

కార్ట్రిడ్జి (ముల్లు కదలికను విద్యుత్ సిగ్నలుగా మార్చే భాగం) నుంచి వచ్చే సిగ్నలు కొద్ది మిల్లీవోల్టులే కాబట్టి దాన్ని పెంచే ఫోనో ప్రీఆంప్ తప్పనిసరి. ఎర్త్ తీగ బిగించకపోతే 50 హెర్ట్జ్ గుంయ్ మనే మోత ఫైలంతా ఉంటుంది. మా ఇంట్లో ల్యాప్‌టాప్ ఛార్జరు తీసేసి బ్యాటరీ మీద నడిపాకే అది పూర్తిగా పోయింది.

ఆడాసిటీ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో నాణ్యత 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ పెట్టి, అన్నిటికన్నా గట్టిగా వినబడే చోట కూడా స్థాయి మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా రికార్డు చేయండి. 78 ప్లేట్లు మోనో (ఒకే ఛానలు శబ్దం) కనుక రెండు ఛానళ్లను కలిపి ఒకటి చేస్తే ముల్లు పైకీ కిందికీ ఊగడం వల్ల వచ్చే రొద చాలావరకు తగ్గుతుంది.

ఇక గరగర తీసే ఫిల్టరు విషయం. పద్యం చివర రాగం సన్నగిల్లుతూ, వెనుక హార్మోనియం శ్రుతి ఒక్కటే మిగిలే చోట ఫిల్టరు గట్టిగా వాడితే, ఆ శ్రుతిని కూడా రొదే అనుకుని కోసేస్తుంది. అందుకే నేను పెద్ద టిక్కులను (టక్కుమనే చప్పుళ్లను) మాత్రమే ఒక్కొక్కటిగా చేత్తో సరిచేస్తాను. అది కూడా కాపీ మీదే. అసలు రికార్డింగును ఏ మార్పూ లేకుండా ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా కుదించే) ఫైలుగా, ప్లేటు లేబులు ఫోటోతో కలిపి రెండు వేర్వేరు డిస్కులలో దాచుకుంటాను.