టెక్స్ట్ బ్రౌజర్‌లో టైమర్ల వేగం

ప్రశ్న: అక్షరాలు మాత్రమే చూపే బ్రౌజర్ రాస్తున్నాను. 10 మిల్లీసెకన్లకోసారి నడిచే సెట్‌ఇంటర్వల్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ నడిపే జావాస్క్రిప్ట్ టైమర్) ఉన్న పేజీ తెరిస్తే ప్రాసెసర్ మొత్తం దానికే పోతోంది. టైమర్లను ఎంతవరకు నెమ్మదించవచ్చు?

జవాబు: మళ్లీ మళ్లీ నడిచేవాటికి సెకనుకోసారి చాలు. అంత వేగం సాధారణంగా బొమ్మలు కదపడానికే, మీ తెరపై అవి లేవు. క్రోమ్ కూడా వెనకున్న ట్యాబుల్లో ఇలాగే కుదిస్తుంది.

సెట్‌టైమవుట్ సున్నా (ఆలస్యం లేకుండా ఒక్కసారే నడవమనే టైమర్) జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. పేజీని ముక్కలుగా నింపే స్క్రిప్టులు దాన్నే నమ్ముకుంటాయి. ముక్కకో సెకను ఆపితే 30 ముక్కలకు అర నిమిషం. ఒక టైమర్ ఇంకోదాన్ని పెడుతూ గొలుసుగా అయిదు స్థాయిలు దాటాకే 4 మిల్లీసెకన్ల కనీస హద్దు పెట్టమంటుంది హెచ్‌టీఎంఎల్ ప్రమాణం.

తప్పిపోయిన విడతలన్నీ తర్వాత వరసబెట్టి నడపొద్దు, ఒక్కటి చాలు. గడియారం చూసుకోకుండా 10 మిల్లీసెకన్లకొకటి చొప్పున 100 అడుగులు లెక్కపెట్టే స్క్రిప్టుకు మాత్రం సెకను పని 100 సెకన్లవుతుంది. అలాంటి పేజీల కోసం హద్దును 200 మిల్లీసెకన్లకు దించే సెట్టింగ్ ఇవ్వండి.