గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ తర్వాత నెలసరి నొప్పి: సూట్‌కేసులోని మాత్రలతో జాగ్రత్త

‘హైదరాబాద్‌లో బరువు తగ్గడానికి గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నాను. పెళ్లయ్యాక డాలస్ వచ్చాను. నెలసరి నొప్పికి ఎప్పుడూ మెఫ్తాల్ స్పాస్ వేసుకునేదాన్ని. తెచ్చుకున్నవి అయిపోతున్నాయి, ఇక్కడ వాటికి బదులు ఏమి కొనుక్కోవాలి?’ అని ఒక అమ్మాయి అడిగింది. ఆపరేషన్ సంగతి అత్తవారింట్లో ఎవరికీ చెప్పలేదట, అందుకని ఎవరినీ అడగలేకపోతోందట.

అమ్మా, బదులు వెతకడం తర్వాత. ముందు ఆ మిగిలిన మాత్రలు పక్కన పెట్టండి.

నేను న్యూజెర్సీలో మందుల దుకాణంలో పనిచేస్తున్నాను. డాక్టరును కాను కానీ మాత్రల పెట్టెల మీద సన్నటి అక్షరాలు చదవడం నా రోజువారీ పని. మెఫ్తాల్ స్పాస్‌లో నొప్పి తగ్గించే ముఖ్యమైన మందు మెఫెనమిక్ ఆమ్లం. ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఆస్పిరిన్ అన్నీ దాని చుట్టాలే. ఈ కుటుంబాన్ని ఇక్కడ ఎన్‌సెయిడ్లు అంటారు. నెలసరి సమయంలో గర్భసంచి కండరాన్ని మెలిపెట్టేవి ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు. ఈ మాత్రలు వాటి తయారీని ఆపుతాయి కాబట్టే నొప్పి అంత బాగా తగ్గుతుంది. చిక్కేమిటంటే, జీర్ణాశయం లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవి కూడా ప్రోస్టాగ్లాండిన్లే. బైపాస్‌లో చిన్న సంచిలా మిగిల్చిన జీర్ణాశయాన్ని నేరుగా పేగుకు కుడతారు. ఆ కాపుదల తగ్గి అతుకు దగ్గర పుండు పడితే రక్తం కారవచ్చు, ఒక్కోసారి రంధ్రం కూడా పడవచ్చు. అన్నం తిని వేసుకుంటే ఏమీ కాదనే మాట ఇక్కడ పనికిరాదు. మందు రక్తంలో కలిసి ఈ పని చేస్తుంది కనుక సూదిమందుగా తీసుకున్నా అంతే.

జీర్ణాశయాన్ని సన్నటి గొట్టంలా కుదించే స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నవారికి ఇలాంటి అతుకు ఉండదు, ప్రమాదం తక్కువ. కొందరు సర్జన్లు అవసరమైతే కొద్ది రోజులు వాడనిస్తారు, కొందరు అసలు వద్దంటారు. మీ సర్జన్ మాటే మీకు ప్రమాణం. చాలామంది ‘బరువు తగ్గే ఆపరేషన్ అయింది’ అని చెప్పి ఊరుకుంటారు. ఏ ఆపరేషనో పేరుతో సహా తెలిసి ఉండాలి. హైదరాబాద్ ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీని ఫోనులో పెట్టుకోండి, ఇక్కడి డాక్టరు రికార్డులో ఎక్కించమనండి. మీరు చెప్పనిదే అక్కడ జరిగిన ఆపరేషన్ ఇక్కడ ఏ కంప్యూటర్లోనూ కనిపించదు.

ఇక కొనుక్కోవడం సంగతి. మొదటి మందు మన పారాసిటమాలే, ఇక్కడ దాన్ని ఎసిటమినోఫెన్ అంటారు. టైలెనాల్ అంటే అదే. 500 మిల్లీగ్రాముల మాత్రలైతే ఆరు గంటలకు రెండు చొప్పున, రోజుకు ఆరుకు మించవద్దని డబ్బా మీదే ఉంటుంది. జలుబుకు వేసుకునే డేక్విల్, నైక్విల్‌లలోనూ ఇదే మందు ఉంది, అదీ లెక్కలోకి వస్తుంది. ఫ్యాటీ లివర్ ఉందని ఎవరైనా చెప్పి ఉంటే డాక్టరును అడిగాకే వేసుకోండి. అల్మారాలో నెలసరి బొమ్మ ఉన్న డబ్బాలను పేరు చూసి తీసుకోకండి. మిడాల్ కంప్లీట్‌లో ఎసిటమినోఫెన్ ఉంటుంది, అదే మిడాల్ పేరుతో ఐబుప్రోఫెన్ మాత్రలు కూడా వచ్చాయి. తలనొప్పికి వాడే ఎక్సెడ్రిన్‌లో సాధారణంగా ఆస్పిరిన్ ఉంటుంది. డబ్బా వెనక మందు పేరు చదవండి, అర్థం కాకపోతే కౌంటర్ దగ్గర ఫార్మసిస్టును అడగండి. ఆ సలహాకు డబ్బు తీసుకోరు, ఇన్సూరెన్స్ కార్డూ అడగరు.

మాత్రకన్నా నేను ఎక్కువ నమ్మేది కాపడాన్ని. పొత్తికడుపు మీద గంటల తరబడి సన్నటి వేడి ఉంచితే ఐబుప్రోఫెన్‌తో సమానంగా నొప్పి తగ్గిందని పరిశోధనల్లో తేలింది. బట్టల కింద అంటించుకునే వేడి పట్టీలు ఏ ఫార్మసీలోనైనా దొరుకుతాయి, ఆఫీసులో కూర్చున్నా ఎవరికీ తెలియదు. టెన్స్ అనే చిన్న విద్యుత్ యంత్రం కూడా కొందరికి బాగా పనిచేస్తుంది. భర్త ఉద్యోగంలో ఎఫ్‌ఎస్‌ఏ, హెచ్‌ఎస్‌ఏ అనే, వైద్య ఖర్చులకు పన్ను లేకుండా డబ్బు దాచుకునే ఖాతా ఉంటే చీటీ లేకుండా కొనే నొప్పి మాత్రలు, ప్యాడ్లు 2020 నుంచి అందులోంచే కొనుక్కోవచ్చు. అమ్మ ఫోనులో చెప్పే చిట్కాల్లో వాము నీళ్లకు అభ్యంతరం లేదు. బెల్లం పాకంతో మాత్రం జాగ్రత్త. బైపాస్ తర్వాత తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే చెమటలు, గుండెదడ, విరేచనాలు పట్టుకుంటాయి.

ప్రతి నెలా ఇదే బాధైతే గైనకాలజిస్టు దగ్గరకు వెళ్లాల్సిందే. నొప్పిని, రక్తస్రావాన్ని రెండింటినీ తగ్గించే హార్మోన్ ఐయూడీ (గర్భసంచిలో అమర్చే చిన్న గర్భనిరోధక సాధనం) గురించి అడగండి. గర్భనిరోధక మాత్రలు నెలసరి నొప్పికి మామూలుగా మంచివే కానీ బైపాస్ తర్వాత ఒంటికి సరిగా పట్టకపోవచ్చు, అందుకే ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ మార్గదర్శకాలు వారికి సాధారణంగా వాటిని సిఫారసు చేయవు. కొత్తగా పెళ్లయినవారికి ఇది మరీ ముఖ్యం. బరువు తగ్గాక గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది. ఆపరేషన్ అయ్యాక కనీసం ఏడాది, ఏడాదిన్నర ఆగమంటారు డాక్టర్లు. రక్తం ఎక్కువగా పోతుంటే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. బైపాస్ అయి నెలసరి వచ్చే ఆడవారికి రోజుకు 45 నుంచి 60 మిల్లీగ్రాముల ఐరన్ అవసరమని అంటారు. దాన్ని కాల్షియంతో కలిపి వేసుకోకండి, రెండు గంటలు ఎడం ఉంచండి. టీతో అసలు వద్దు.

అత్తవారికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. నా మటుకు నాకు భర్తకైనా చెప్పడం మంచిదనిపిస్తుంది. ఎందుకంటే ఏ వ్రతానికో వెళ్లినప్పుడు మీరు కడుపు పట్టుకుని కూర్చుంటే, ప్రేమగా హ్యాండ్‌బ్యాగులోంచి కాంబిఫ్లామ్ తీసే పిన్నిగారు ప్రతి ఇంటిలోనూ ఒకరు ఉంటారు. అందులో ఉండేది ఐబుప్రోఫెన్. ‘నాకు పడదు పిన్నీ, డాక్టరు వద్దన్నారు’ అంటే చాలు, ఆపరేషన్ కథ చెప్పనవసరం లేదు.

ప్రతి కడుపునొప్పీ నెలసరిదే అనుకోకండి. తిన్నాక మెలితిప్పినట్టు వచ్చే తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు ఉంటే కడుపు లోపల పేగు ఇరుక్కుని ఉండవచ్చు. బైపాస్ అయిన ఏళ్ల తర్వాత కూడా ఇది జరుగుతుంది. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి పిత్తాశయంలో రాళ్లది కావచ్చు, వేగంగా బరువు తగ్గినవారిలో అవి మామూలే. తారులాంటి నల్లటి విరేచనం, రక్తపు వాంతి కనిపిస్తే ఆలస్యం చేయకుండా 911కు ఫోన్ చేయండి. ఎమర్జెన్సీలో అడుగు పెట్టగానే బైపాస్ అయిందని, ఎన్‌సెయిడ్లు వద్దని చెప్పండి. అక్కడ నొప్పికి తరచూ ఇచ్చే కెటోరొలాక్ సూదిమందు కూడా ఆ కుటుంబానిదే.