కళ్ల ముందు పోగులు కదిలితే ట్యూమర్ ఉన్నట్టా?

ప్రశ్న: నాకు 17 ఏళ్లు. ఇంటర్ సెకండియర్, బైపీసీ. మైనస్ 3 కళ్లద్దాలున్నాయి. కొన్ని నెలలుగా తెల్లగోడ వైపు చూస్తే దారప్పోగులు, బుడగల్లాంటివి కదులుతున్నాయి. ఆకాశంలో మెరిసే చుక్కలు పరుగెడుతున్నాయి. కళ్ల డాక్టర్ చుక్కల మందు వేసి చూసి, అంతా బాగుందన్నారు. అయినా బ్రెయిన్ ట్యూమరేమోనని టెన్షన్. రోజూ పొద్దున్నే డాబా ఎక్కి, ఒక్కో కన్నూ మూసి చూసుకుంటున్నా. రాత్రి దుప్పటి కప్పుకుని ఫోన్లో వెతుకుతుంటా. అమ్మేమో చదువు ఎగ్గొట్టడానికి సాకులంటోంది. ఎమ్మారై తీయిస్తే మనసు కుదుటపడుతుందా?
– ఓ విద్యార్థిని, తెనాలి

జవాబు: నువ్వు చూస్తున్నవి నిజంగానే ఉన్నాయమ్మా. భ్రమా కాదు, సాకూ కాదు. కంటి లోపల విట్రియస్ అనే జిగురు పదార్థం ఉంటుంది. అందులోని సన్నటి పోగులు అక్కడక్కడా ముద్దకట్టి, వాటి నీడ రెటీనా (కంటి వెనకుండే తెర) మీద పడుతుంది. వీటినే ఫ్లోటర్స్ అంటారు. సూటిగా చూద్దామనుకుంటే పక్కకు జారిపోతాయి, గమనించే ఉంటావు. మైనస్ పవర్ ఉన్నవాళ్లకు చిన్న వయసులోనే కనిపించడం మామూలే. ఇక ఆకాశంలో పరుగెత్తే చుక్కలంటావా, అవి నీ తెల్ల రక్తకణాలే! రెటీనాలో ఉండే సన్నటి రక్తనాళాల్లో అవి వెళ్తుంటే నీలి వెలుతురులో అలా మెరుస్తాయి. నిదానంగా చూస్తే మీ అమ్మకూ కనిపిస్తాయి, అడిగి చూడు.

ట్యూమర్ సంగతికొద్దాం. పోగులు కదలడం ట్యూమర్ లక్షణం కాదు. పైగా తలలో ఒత్తిడి పెరిగితే సాధారణంగా కంటి నరం మొదట్లో వాపు వస్తుంది. చుక్కల మందు వేసినప్పుడు డాక్టర్ ఆ నరాన్ని కూడా చూస్తారు. డాక్టర్ అడగకుండా ఎమ్మారై ఎందుకు? రిపోర్ట్ నార్మల్ అని వచ్చినా, మర్నాడు డాబా మీద ఆ పోగులు మళ్లీ కనిపిస్తాయి. ‘స్కానింగ్‌కి అందనంత చిన్నదేమో’ అని కొత్త అనుమానం మొదలవుతుంది.

నిన్ను ఇబ్బంది పెడుతున్నది పోగులకంటే ఆ పొద్దుటి పరీక్షే. ఫ్యాన్ చప్పుడు రోజంతా ఉన్నా మనకు పట్టదు. ఎవరైనా ‘ఏంటా చప్పుడు?’ అన్నారో, ఇక ఆ రాత్రి నిద్ర ఉండదు. నువ్వు రోజూ నీ మెదడుని అదే ప్రశ్న అడుగుతున్నావు. అందుకే డాబా మీది పరీక్ష రేపటి నుంచి మానెయ్. మొదటి కొన్ని రోజులు భయం పెరుగుతుంది కూడా. పెరగనీ, కాసేపటికి అదే దిగుతుంది. ఫోన్లో వెతకాలనిపిస్తే ఆ అనుమానాన్ని నోట్‌బుక్‌లో రాసి పక్కన పెట్టు. సాయంత్రం ఓ పది నిమిషాలు దానికే కేటాయించు. అప్పటికి సగం అనుమానాలు నీకే నవ్వు తెప్పిస్తాయి. అలాగని తెల్ల కాగితం చూడాలంటే భయమని పుస్తకం మూసెయ్యకు.

ఒక్క జాగ్రత్త మాత్రం గుర్తుంచుకో. ఒక్కసారిగా బోలెడు కొత్త పోగులు రావడం, పక్క నుంచి మెరుపులు, చూపుకి అడ్డంగా తెరలాంటి నీడ, చూపు తగ్గడం... వీటిలో ఏది కనిపించినా, కంటికి దెబ్బ తగిలినా అదే రోజు కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. వీటికోసం రోజూ వెతుక్కోనక్కర్లేదు. వస్తే నీకే తెలిసిపోతాయి.

ఈ జవాబు మీ అమ్మకీ చూపించు. అమ్మా, సాకు అని మాత్రం అనకండి. అలాగని తను అడిగిన ప్రతిసారీ ‘ఏం కాదులే’ అని ధైర్యం చెప్పినా గంటలో మళ్లీ అడుగుతుంది. ‘డాక్టర్ చూశారుగా, పద టిఫిన్ తిందాం’ అని మాట మార్చండి, చాలు. రాత్రిళ్లు ఇంట్లో అందరి ఫోన్లూ, మీది కూడా, హాల్లోనే ఉంచండి.

రెండు మూడు వారాలైనా భయం తగ్గక, నిద్ర, చదువు పాడవుతుంటే సైకాలజిస్టుని కలవండి. ఇలాంటి భయాలకు సీబీటీ అనే కౌన్సెలింగ్ బాగా పనిచేస్తుంది. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. కళ్లద్దాల పవర్ కోసం ఏడాదికోసారి ఎలాగూ వెళ్తావుగా, ఫ్లోటర్స్ గురించి ఇంకేమైనా అడగాలంటే అప్పుడు అడుగు.