హాజరు సంతకమా, అంగీకార సంతకమా?

ప్రశ్న: మా ఫ్యాక్టరీలో 140 మందిమి. యాజమాన్యం, కార్మికుల ప్రతినిధులు కలిసి కూర్చునే వర్క్స్ కమిటీలో నేను కార్మికుల తరఫు సభ్యుణ్ణి. రోజంతా నడిచే మూడు షిఫ్టులను రెండు చేస్తున్నామని మీటింగులో అప్పటికప్పుడు చెప్పి, రిజిస్టరులో సంతకాలు తీసుకున్నారు. మర్నాడు నోటీసు బోర్డు మీద ‘కార్మికుల అంగీకారంతో’ అని పెట్టారు. తోటివాళ్లు నన్ను నిలదీస్తున్నారు. తప్పు నాదేనా?
– ఒక పాఠకుడు, పటాన్‌చెరు

జవాబు: ఎవరినీ అడగకుండా సంతకం పెట్టడం వరకు పొరపాటు మీదే. కానీ 140 మంది తరఫున షిఫ్టుల మార్పుకు ఒప్పుకునే అధికారం ఆ కమిటీకే లేదు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం వర్క్స్ కమిటీకి ఇచ్చిన పని ఇరుపక్షాల మధ్య సామరస్యం కాపాడటం, ఉభయులకూ సంబంధించిన విషయాల మీద అభిప్రాయం చెప్పడం. దాని స్థానంలో వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ అంతే. నార్త్ బ్రూక్ జూట్ కేసు (1960) ఇలాంటిదే. కమిటీ ఒప్పుకుంది కాబట్టి కార్మికులు ఒప్పుకున్నట్టేనన్న వాదన సుప్రీంకోర్టులో నిలవలేదు. స్టాండింగ్ ఆర్డర్లలో (ఫ్యాక్టరీలో ఉద్యోగ షరతుల నియమావళి) లేని షిఫ్టు మార్పుకు, దాని ప్రభావం పడే కార్మికులకు 21 రోజుల ముందే నోటీసు ఇవ్వాలి. పైగా రెండు షిఫ్టులంటే మనిషికి 12 గంటలు. ఓవర్‌టైముకు రెట్టింపు వేతనం సంగతి తేల్చకుండా దాన్ని అంగీకారం అనడం అన్యాయం.

ముందు ఆ పేజీ కాపీ అడిగి తీసుకోండి. పైన ‘హాజరైనవారు’ అని మాత్రమే ఉంటే, ‘నా సంతకం హాజరుకే, ఈ మార్పు మీద కార్మికుల అభిప్రాయం తీసుకోలేదు’ అని తేదీ వేసి రాసివ్వండి. రెండో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. ‘అంగీకరించాం’ అని ఉంటే దాన్ని దాచవద్దు. తోటివారిని సంప్రదించకుండా ఒప్పుకున్నానని ఆ లేఖలోనే రాయండి, వాళ్లకూ చెప్పండి. కష్టమే, అయినా మీ మాటకు మళ్లీ విలువ వచ్చేది అలాగే.

ఇకమీదట హాజరు పుస్తకం, మినిట్స్ పుస్తకం వేరువేరుగా ఉండాలని పట్టుబట్టండి. అజెండా వారం ముందు చేతికి రావాలి, లేకపోతే పనిచేసే చోట తోటివారిని అడిగివచ్చే వీలుండదు. మినిట్స్‌లో ప్రతి అంశం పక్కన ‘తెలియజేశారు’, ‘అభిప్రాయం అడిగారు’, ‘కలిసి నిర్ణయించారు’ – ఈ మూడింటిలో ఏదో ఒకటి రాయించండి. గొడవలన్నీ మొదటిదాన్ని మూడోదిగా చూపించడం వల్లే వస్తాయి. విభేదిస్తే ఆ అంశం కిందే కారణం రాయండి. ఖాళీ జాగాను గీత కొట్టేశాకే సంతకం పెట్టండి.

నిర్ణయం యాజమాన్యానిదైతే అది తనదేనని చెప్పుకోవాలి. నిర్ణయం తనది, నింద మీది అయితే దాన్ని భాగస్వామ్యం అనకూడదు.

ప్రశ్న: మా వర్క్‌షాపులో 25 మందే. మాకూ కమిటీ ఉండాలా?

జవాబు: ఉండాలి, అయితే అది వర్క్స్ కమిటీ కాదు. 2020 కోడ్ ప్రకారం 20 మంది, ఆపైన ఉంటే ఫిర్యాదుల పరిష్కార కమిటీ తప్పనిసరి. ఇరువైపులా సమాన సంఖ్య, మొత్తం పదిమందికి మించకూడదు. సిబ్బందిలో మహిళల నిష్పత్తికి తగ్గకుండా వారికి చోటివ్వాలి. అధ్యక్షత ఏటా ఒక్కో పక్షానికి మారుతుంది. ఫిర్యాదు ఏడాదిలోపు ఇవ్వాలి, కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. సూపర్‌వైజరునో, యజమాని బంధువునో కార్మికుల వైపు కూర్చోబెడితే ఒక్క ఫిర్యాదూ రాదు. ఫిర్యాదులే లేవని అప్పుడు సంబరపడకండి.