పిల్లాడు దగ్గితే మొదట అడగాల్సిన మాట

చిట్టితల్లీ,

నీకు బెంగళూరులో ఉద్యోగం వచ్చిందని, వచ్చే నెలలోనే అక్కడ ఇల్లు తీసుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. పిల్లాణ్ణి, మామగారిని వెంటబెట్టుకుని, నీ ఉద్యోగం కోసం వేరే ఊళ్లో కాపురం పెట్టడం మన ఇంట్లో నీతోనే మొదలు. నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఇక్కడ అనంతపురంలో బాబు రెండుసార్లు దగ్గితే చాలు, చూడ్డానికి నలుగురు వస్తారు. అక్కడ మీరిద్దరూ పొద్దున్నే ఆఫీసుకు వెళ్తే వాడి దగ్గర ఉండేది పనమ్మాయో, మీ మామగారో. ఫోన్లో చెప్తే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. దాచిపెట్టుకో.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. బయటినుంచి రాగానే చేతులు కడుక్కుని బాబుని ఎత్తుకోండి. ఒక మంచి థర్మామీటరు కొను. వాడికి ఏడాదిన్నర కాబట్టి డీపీటీ బూస్టరు, తట్టు టీకా రెండో డోసు బయల్దేరేముందే వేయించు; కోరింత దగ్గుకి రక్షణ ఆ డీపీటీలోనే ఉంది. జలుబుతో వచ్చే దగ్గు వారం, పది రోజులు ఉంటుంది, ఒక్కోసారి ఇంకా సాగుతుంది. వాడు తింటూ, ఆడుకుంటూ ఉంటే టెన్షన్ పడొద్దు.

ఇక అసలు సంగతి. దగ్గు కనబడగానే ఏ మందు వెయ్యాలా అని చూడకు. ఎప్పుడు మొదలైంది, ఆ సమయానికి వాడు ఏం చేస్తున్నాడు, పక్కన ఎవరున్నారు, ఇవి అడుగు. పనమ్మాయిని కోప్పడకుండా అడుగు. కోప్పడితే నిజం చెప్పదు.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే మీ తమ్ముడి వల్ల. వాడికి చిన్నప్పుడు ఒంట్లో బాగోలేదని మాత్రమే నీకు తెలుసు. అప్పటికి నీకు నాలుగేళ్లు, వాడికి ఇంకా రెండు నిండలేదు. శెనక్కాయలు ఇంటికొచ్చిన రోజులు. వసారా నిండా కాయలే. మీ నాయనమ్మ, కూలికొచ్చిన ఆడవాళ్లు కూర్చుని కాయలు ఒలుస్తున్నారు. వాళ్ల మధ్య తిరుగుతూ వాడు గింజ నోట్లో వేసుకున్నాడు. నవ్వాడో, పరిగెత్తాడో, పొలమారింది. మొహం ఎర్రబడి, కళ్లవెంట నీళ్లు కారేదాకా దగ్గాడు. మీ నాయనమ్మ నెత్తి మీద తట్టి, "మీ తాత తలుచుకుంటున్నాడురా" అంది. కాసేపటికి దగ్గు ఆగిపోయింది. వాడు మళ్లీ ఆటలో పడ్డాడు. అందరూ పనిలో పడ్డారు. సాయంత్రం చేలోంచి వచ్చిన మీ అమ్మకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినంత విషయమని ఎవరికీ అనిపించలేదు.

రెండు రోజులకి దగ్గు మొదలైంది, తర్వాత జ్వరం. కాయల దుమ్ము పడలేదన్నారు. మిరియాల కషాయం పట్టారు, తమలపాకు రసం పిండారు. టౌన్లో డాక్టరు ఒక సిరప్, ఒక యాంటీబయాటిక్ రాశాడు. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టింది. ఇంకో డాక్టరు, ఇంకో సిరప్. ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు. రూపాయి బిళ్ల అయితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది కానీ శెనగ గింజ కనిపించదమ్మా. మీ అమ్మ వాణ్ణి భుజాన వేసుకుని రాత్రంతా వసారాలో తిరిగేది. వీపుకి చెవి ఆనిస్తే ఒక్క పక్కనే సన్నగా ఈల వినపడేదట. నేనప్పుడు కళ్యాణదుర్గం వైపు ఏఎన్‌ఎమ్‌గా పనిచేస్తున్నా. మీ అమ్మ ఉత్తరంలో "చిన్నోడికి దగ్గు పట్టుకుంది" అని ఒక్క ముక్క ఉంది, అంతే.

చివరికి మీ నాన్న బెంగళూరులో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి, అటు ఇటు విని, "దగ్గు మొదలవకముందు ఏమన్నా తింటూ పొలమారిందా?" అని అడిగింది. మీ అమ్మ లేదంది. వెనక నిలబడ్డ మీ నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పొలమారింది తల్లీ, శెనగ గింజ తింటా ఉన్నాడు" అంది. అన్ని రోజుల్లో ఆ ప్రశ్న అడిగినవాళ్లు ఆవిడే. మర్నాడు వాడికి మత్తిచ్చి, నోట్లోంచి ఊపిరిగొట్టంలోకి సన్నని గొట్టం పంపి గింజ బయటికి తీశారు. కుడి వైపు ఇరుక్కుంది. కుడి గొట్టం కాస్త వెడల్పుగా, నిటారుగా ఉంటుంది కాబట్టి ఎక్కువగా అటే పడతాయి. మీ నాన్నకి చిన్న సీసాలో వేసి చూపించారు. ఒక్క బద్ద. పొట్టు ఊడి, నాని ఉబ్బి, చుట్టూ చీము. అందులోని నూనె తగిలి లోపలంతా వాచిపోయింది. తీసిన రెండు రోజులకే వాడు అన్నం అడిగాడు. మీ నాయనమ్మని నేను ఏనాడూ తప్పుపట్టలేదు, నువ్వూ పట్టకు. ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్లూ ఒలిచిన గింజల చేట నేల మీద పెట్టనివ్వలేదు.

కాబట్టి విను. బాబుకి నాలుగేళ్లు దాటేదాకా శెనగ గింజ, పుట్నాలు, బఠాణీలు, బాదం, ఏదీ గింజగా పెట్టొద్దు. పొడి చేసి, చట్నీ చేసి పెట్టు, అందులో భయం లేదు. సీతాఫలం తినిపిస్తే గింజలు నువ్వే తీసి పెట్టు. మీ మామగారికి బొరుగుల్లో శెనగ గింజలు కలుపుకుని తినడం అలవాటు. తాత తింటుంటే మనవడు చెయ్యి చాపకుండా ఉండడు. ఆయన పెద్దాయన, మర్యాదగానే చెప్పు, కానీ చెప్పు. పొలమారినప్పుడు గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వు, అదే బయటికి తోస్తుంది. నోట్లో వేలు పెట్టి కెలకొద్దు, లోపలికి పోతుంది. దగ్గు రాక, గొంతు పెగలక, పెదాలు నీలబడుతుంటే ముందుకి వంచి వీపు మీద రెండు రెక్కల మధ్య అరిచేత్తో అయిదుసార్లు గట్టిగా కొట్టు, పక్కవాళ్లని 108కి ఫోన్ చెయ్యమను. అప్పటికీ రాకపోతే పొట్ట నొక్కే పద్ధతి ఉంది. అది ఉత్తరంలో నేర్చుకునేది కాదు, వెళ్లేముందు ఇక్కడికొచ్చి నా దగ్గర నేర్చుకో. అల్లుణ్ణీ తీసుకురా.

దగ్గు సిరప్ మాటకొస్తే, వద్దు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో కోల్డ్‌రిఫ్ అనే దగ్గు సిరప్ తాగిన పిల్లలు 20 మందికి పైగా చనిపోయారు. దాంట్లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉంది, కిడ్నీలు పాడైపోయాయి. ఆ వార్త చదివినప్పుడు నా చేతులు వణికాయి. రెండేళ్లలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని, అయిదేళ్లలోపు వాళ్లకి మామూలుగా అవసరమే లేదని కేంద్ర ఆరోగ్యశాఖ వాళ్లే ఆ అక్టోబరులో చెప్పారు. మందుల షాపు అబ్బాయి ఎంత బాగా మాట్లాడినా కొనకు. రాత్రి పడుకోబోయే ముందు అర చెంచా తేనె నాకించు. ఏడాది దాటింది కాబట్టి పర్వాలేదు. ఏడాదిలోపు పిల్లలకి మాత్రం తేనె తగలనివ్వకూడదు. ముక్కు బిగిస్తే సెలైన్ చుక్కలు చాలు. మీ అత్తగారి తరఫువాళ్లు ఎవరైనా ముక్కులో నూనె చుక్కలు వెయ్యమంటే వినకు, అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. కర్పూరం, ఆవిరి గిన్నె కూడా వద్దు. వేడినీళ్లు మీద పడి కాలిన పిల్లల్ని నేను చాలామందిని చూశాను.

జ్వరానికి పారాసెటమాల్ ఇచ్చేటప్పుడు సీసా మీద చదువు. చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకి 125 ఒక రకం, 250 ఇంకో రకం. అలవాటుగా చుక్కల మందుని సిరప్ కొలతలో పోశావంటే ఎంత తేడానో చూడు. బాబు బరువు చెప్పి, ఎన్ని మిల్లీలీటర్లో డాక్టరు చేత సీసా మీదే రాయించుకో.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు పరిగెత్తాలి అంటావా? చొక్కా పైకెత్తి, వాడు ఏడవకుండా ఉన్నప్పుడు, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టు. ఈ వయసుకి 40, అంతకంటే ఎక్కువ ఉంటే అదే రోజు వెళ్లు. డొక్కలెగరేస్తున్నా, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతున్నా, ఏమీ తాగకపోయినా, లేపితే లేవకపోయినా, రాత్రయినా సరే, ఆఫీసులో మీటింగున్నా సరే, వెంటనే వెళ్లాలి. ఈ మాటలు కాపీ చేసి వంటింటి తలుపుకి అంటించు. స్నానం చేయించాక సాంబ్రాణి పొగ వెయ్యడం కూడా ఇక మానేయండి. మన అమ్మలు వేశారు, నేనూ వేశాను, అయినా పొగ పొగే. దోమల చుట్ట బదులు తెర కట్టు.

మీ మామగారి సంగతి. ఆయన పొడిదగ్గు చలికే అనుకోకండి. ఆయన వేసుకునే బీపీ మాత్ర పేరు చూడు. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాగా చివర "ప్రిల్" అని ఉంటే దానివల్లే దగ్గు రావచ్చు. మాత్ర మీరే ఆపేయొద్దు, డాక్టరుతో చెప్తే మారుస్తారు. దగ్గు రెండు వారాలు దాటినా, సాయంత్రాలు జ్వరం తగిలినా, బరువు తగ్గినా గళ్ల పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో టీబీ పరీక్షా మందులూ ఉచితం. ఆయన నామోషీ పడతాడు. బాబుని పక్కలో పడుకోబెట్టుకునే మనిషి కదా, ఆ మాట చెప్పు, ఒప్పుకుంటాడు.

అందరినీ చూసుకుంటూ నీ సంగతి మర్చిపోతావు, నాకు తెలుసు. కాన్పు తర్వాత ఐరన్ మాత్రలు సగంలో మానేశావని మీ అమ్మ చెప్పింది. మొన్న పెళ్లిలో చూశాను, నీ కళ్ల కింద రెప్పలు తెల్లగా ఉన్నాయి. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని అన్నావు, దాన్ని నవ్వుతూ అన్నావు. అది నవ్వే విషయం కాదమ్మా. ఈ వారంలోనే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకుని, ఎంత ఉందో నాకు ఫోన్ చేసి చెప్పు. ఆ అంకె విన్నాకే సామాన్లు సర్దడానికి నేనొస్తాను.

మీ పెద్దమ్మ