చౌక మోడల్ తెస్తే ఖరీదైన కార్ల కంపెనీకి పేరు పోతుందా?

హైదరాబాద్‌లో విదేశీ కార్లు అమ్మే ఒక షోరూమ్‌లో ఆరేళ్లు సేల్స్‌లో పనిచేశాను. కంపెనీ పేరు అడగకండి. చౌక మోడల్ వస్తే అమ్మకాలు కచ్చితంగా పెరుగుతాయి. పేరు మాత్రం ధర తగ్గించినందుకు పోదు, ఆ ధర కోసం దేనిలో కోత పెట్టారన్నదాన్ని బట్టి పోతుంది.

2010లో బీఎండబ్ల్యూ ఎక్స్1, 2013లో మెర్సిడెస్ ఎ-క్లాస్ మన దేశంలో సుమారు 22 లక్షలకే దిగాయి. ఆ కాలంలోనే మా దగ్గరికీ ఒక చిన్న మోడల్ వచ్చింది. అంతకుముందు అద్దాల బయటే ఆగిపోయేవాళ్లు లోపలికి రాసాగారు. వాళ్ల మొదటి ప్రశ్న ఈఎంఐ ఎంతని, రెండోది మైలేజీ ఎంతని. పాత కస్టమర్ల నోట ఆ రెండు మాటలూ నేను వినలేదు.

అప్పటికే మా దగ్గర రెండు పెద్ద కార్లు కొన్న ఒక కాంట్రాక్టరు గారు ఒకరోజు ఆ చిన్న కారులో కూర్చుని, తలుపు కింది భాగాన్ని మెటికలతో తట్టారు. డొల్లగా మోగింది. "ముందున్న లోగో ఒక్కటే మీ కంపెనీదా బాబూ?" అన్నారు. మూడో కారు వేరే కంపెనీది కొన్నారు.

అయితే అసలు దెబ్బ సర్వీసు దగ్గర తగిలింది. ఈ రోజు చిన్నది కొన్నవాడు రేపు పెద్దది కొంటాడన్నది కంపెనీ లెక్క. కారు ధర దిగింది కానీ విడిభాగాల ధర దిగలేదు. బ్రేకు ప్యాడ్లు మార్చిన బిల్లు నెల వాయిదాను మించితే, ఆ కుర్రవాడు మళ్లీ మా గడప ఎందుకు తొక్కుతాడు?

ఇది మన దగ్గర పుట్టిన జబ్బు కాదు. 1982 మోడల్‌గా అమెరికాలోని ఖరీదైన కార్ల కంపెనీ కాడిలాక్ తెచ్చిన సిమరాన్, నిజానికి అదే గ్రూపు చౌక కారు షెవర్లే కావలియర్‌కు తోలు సీట్లు వేసినదే. నాలుగు సిలిండర్ల ఇంజిను, ధర 12 వేల డాలర్లకు పైన. అమెరికాలో ఆ పేరు ఇప్పటికీ నవ్వులపాలే. 1996లో పోర్షే తెచ్చిన బాక్‌స్టర్ కూడా చౌకదే. అది పోర్షేలోనే ఖరీదైన, పేరున్న కారు 911తో ముందు భాగం పంచుకుందని పాత యజమానులు సణిగారు కూడా. కానీ నడిపితే పోర్షేలాగే ఉంది, అందుకే కష్టాల్లో ఉన్న కంపెనీని గట్టెక్కించింది.

ఒకప్పటి అమెరికా ఖరీదైన కార్ల కంపెనీ పాకార్డ్ సంగతి మాత్రం ఇంత తేలిగ్గా తేలదు. 1935లో సుమారు వెయ్యి డాలర్లకు 120 మోడల్ తెచ్చి మాంద్యం నుంచి బయటపడింది. తర్వాత ధనవంతులు కాడిలాక్ వైపు జరిగారు, 1958తో ఆ పేరే మాయమైంది. కానీ 120 తేకపోయి ఉంటే 1940 చూసేదా అన్నది నా అనుమానం.

మెర్సిడెస్ 2022లో తన చిన్న కార్ల రకాలను ఏడు నుంచి నాలుగుకు తగ్గిస్తామని ప్రకటించింది. మా షోరూమ్‌లో అప్పట్లో చిన్న మోడల్ మీదే ఇన్సెంటివ్ ఎక్కువ ఉండేది కాబట్టి, సొంతంగా నాకైతే ఆ చిన్న కారు మీద ఫిర్యాదు లేదు.