అభ్యంగనం (రోగికి ఫాదర్ నూనె రాసి చేసే ప్రార్థన) అంటే చివరి ఘడియ వచ్చినట్టేనా?

కాదు, జబ్బు తీవ్రమైనప్పుడు, పెద్ద ఆపరేషన్‌కు ముందు, ముసలితనంలో బాగా నీరసించినప్పుడు కూడా కథోలికులు అభ్యంగనం అడగవచ్చు. ఇది రోగికి బలం, ఓదార్పు, పాపక్షమ కోరే ప్రార్థన. దేవుని చిత్తమైతే స్వస్థత కూడా. ‘రోగి ఉంటే సంఘపెద్దలను పిలిపించండి, వారు నూనె రాసి ప్రార్థిస్తారు’ అనే యాకోబు పత్రిక 5వ అధ్యాయపు మాటే దీనికి ఆధారం.

ఉదాహరణకు, నల్లగొండ దగ్గరి ఊళ్లో ఒక పెద్దాయనకు గుండె ఆపరేషన్ ఉందనుకుందాం. హైదరాబాద్ బయల్దేరకముందే ఫాదర్‌కు ఫోన్ చేయాలి. మంచం పక్కన బల్లమీద తెల్లగుడ్డ, సిలువ, కొవ్వొత్తులు, తాగడానికి నీళ్లు పెడితే చాలు. రోగి పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేయాలనుకుంటే ఇంటివాళ్లు కాసేపు బయట ఉండాలి. ఆ తర్వాత అందరూ లోపలికి వస్తారు. ఫాదర్ వాక్యం చదివి, మౌనంగా రోగి తలమీద చేతులుంచి, మేత్రాణులు (బిషప్) ఆశీర్వదించిన నూనెను నుదుటిమీద, చేతులమీద రాస్తారు. మింగగలిగితే దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) ఇస్తారు.

ఉపదేశి (ఊళ్లో మతబోధ చేసే వ్యక్తి), సిస్టర్లు వచ్చి ప్రార్థన చేయవచ్చు, చేయాలి కూడా. ఈ అభ్యంగనం మాత్రం గురువే, అంటే ఫాదరే ఇవ్వాలి.

‘ఫాదర్ వస్తే పెద్దాయన భయపడతాడు, ఇప్పుడే ఎందుకు’ అని ఆగడమే మనదగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు. స్పృహ తప్పాక కూడా అభ్యంగనం ఇస్తారు, కానీ అప్పటికి రోగి నోరు తెరిచి పాపసంకీర్తనం చేయలేడు. చనిపోయాక అభ్యంగనం ఉండదు. ఒకసారి తీసుకున్నవాళ్లు జబ్బు ముదిరితే మళ్లీ తీసుకోవచ్చు.